నలభై కుర్చీలు

శనివారం కంటి శిబిరం.
గురువారం దాకా నా చేతిలో ఉన్నది
ఒక డాక్టరు మాట,
అదీ "చూద్దాం లేమ్మా" అని.

మా గుడి కుర్చీలు పొదలకూరు రోడ్డులో
ఎవరిదో పెళ్లికి పోయాయి.
షామియానా వెంగళరావు
పాత బాకీ పన్నెండొందలు గుర్తుచేశాడు,
నవ్వుతూనే.
సచివాలయంలో పిల్లాడు
"మతం మీటింగా మేడం?" అన్నాడు.
"కాదు నాయనా, కళ్లు" అన్నాను.
వాడి ఫారంలో కళ్లకు గడి లేదు.
'ఇతరములు' అని రాసుకున్నాడు.
ఇరవై రెండేళ్లుగా చేస్తున్న ఈ పనికి
అంతకన్నా మంచి పేరు
నాకూ తట్టలేదు.

పెన్నా గట్టు కింద కాలనీకి
నీళ్ల ట్యాంకరు ఐదింటికొస్తుంది,
కాబట్టి నేనూ ఐదింటికే.
బిందెల వరసలో నిలబడితే
తలుపు తట్టే పనుండదు,
తలుపులన్నీ అక్కడికే నడిచొస్తాయి.
రొయ్యల షెడ్డుకు పోయే ఆడోళ్లకు
వ్యాను ఎక్కకముందే చెప్పాలి.
ఐసులో నాని నాని
గోళ్ల చుట్టూ తెల్లబడిన వేళ్లతో
రవణమ్మ బిందె ఎత్తుకుంటూ అంది:
"శనివారం మానుకుంటే మూడొందల యాభై పోతాదక్కా.
నీ కళ్లద్దాలు ఆ దుడ్లిస్తాయా?"

జవాబు లేదు.
సంచిలో బైబిలుంది,
అందులో వెతికితే దొరికేది కాదది.
డాక్టరును బతిమాలి బతిమాలి
ఆదివారం మధ్యాహ్నానికి మార్పించాను.
ఆదివారం!
"మరి ఆరాధన, సలోమీ?" అన్నారు అయ్యగారు.
"ఇది రెండో ఆరాధన అనుకోండయ్యా" అన్నాను.
అన్నాక భయమేసింది.

కుర్చీలిచ్చింది భజన మందిరం నరసయ్య.
అడిగిన నిమిషంలో తాళం తీశాడు.
నలభై. ఎర్రవి.
ఒక్కోదాని వీపున తెల్ల రంగుతో
శ్రీరామ భజన మందిరం.
ఆఫీసుకు ఫోటో పంపాలి మరి.
పైన మా బ్యానరు మీద సిలువ,
కింద రాములవారు నలభై సార్లు.
దుప్పట్లు కప్పుదాం అక్కా, అంది ఎస్తేరు.
రెండు తెచ్చింది కూడా.
ఈ ఎండలో దుప్పటి కుర్చీలో
ఎవరు కూర్చుంటారే, అన్నాను.
అసలు సంగతి ఎండ కాదు.
అడగ్గానే ఇచ్చినవాడి పేరు
ఎట్లా మూస్తాం?

టీ మస్తాన్ భాయ్ సగం డబ్బే తీసుకున్నాడు.
"రొట్టెల పండగప్పుడు మీరు మంచినీళ్లు పొయ్యలేదా" అని.
పోసింది నేను కాదు, ఎస్తేరు తమ్ముడు.
చెప్పలేదు.

డాక్టరు రెండున్నరకొచ్చాడు.
నూట ఏడుమంది.
అద్దాలు అరవై రెండు.
మిగిలినవాళ్ల ముఖాలు
ఇప్పుడు రాయలేను.

పెంచలమ్మవ్వకు దొరికాయి.
నాలుగేళ్లుగా ప్రతి మంగళవారం
ఆమె గుమ్మంలో కూర్చుని
షుగరు మాత్రలు చించి చేతిలో పెడతాను.
అద్దాలు పెట్టుకుని
ముందు తన అరచెయ్యి చూసుకుంది,
తర్వాత నన్ను.
చాలాసేపు నన్నే.
"ఏందమ్మే,
గొంతు ఇని పడుచుపిల్లవనుకుంటి.
ఇంత నెరిసిపోయుండావే!
యాడంటే ఆడికి తిప్పితినే నిన్ను"
అని లేచి
తన కుర్చీ నాకిచ్చింది.
కూర్చున్నాను.
పొద్దుట్నించీ అదే మొదటిసారి.

రాత్రి నివేదిక.
పంచిన కరపత్రాలు: సున్నా.
కట్ట విప్పడమే మరిచాను.
రక్షణ తీర్మానాలు: ఆ గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
ఫోటో మాత్రం పంపాను,
కుర్చీలు వెనక్కి తిరిగి ఉన్నదే.

మందిరం ముందు నరసయ్య లెక్కపెట్టాడు:
ముప్పై తొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టాడు.
టార్చి తీసుకుని కాలనీకి పోయాను.
సందు చివర, గట్టు మీద,
కుర్చీలో పెంచలమ్మవ్వ.
బ్రిడ్జి మీద పోయే లారీల లైట్లను
ఒక్కోదాన్నీ తల తిప్పి సాగనంపుతోంది.
పిలవలేదు.
వెనక్కొచ్చి,
నలభయ్యోది పొద్దున తెస్తానని
పుస్తకంలో సంతకం పెట్టాను.