మేడ మీదికి తట్టకి పది

మూడువేల రెండొందలన్నాడు సన్యాసిరావు,
సబ్బవరం మట్టి, ట్రాక్టరు నిండా.
"ఎర్రమట్టి బాబూ, పుల్ల గుచ్చితే సిగురేస్తాది."
రెండువేల ఎనిమిదొందలన్నాను.
ఫోనులో కాసేపు ఇంజను చప్పుడు మాత్రమే.
"నాను అమ్మీది మట్టి కాదు బాబూ, డీజిలు.
మట్టి ఊరికే వస్తాది."

ఊరికే వచ్చే మట్టి నాకు తెలుసు.
జ్ఞానాపురంలో పుట్టినవాణ్ణి.
పొద్దున్నే డాబా ఊడిస్తే
చేటెడు బొగ్గుపొడి,
ఆరేసిన చొక్కా కాలరు మీద హార్బరు సంతకం.
దాంట్లో ఏదీ మొలవదు.
ఫిలోమినా ఒకసారి మెంతులు చల్లి చూసింది కూడా.

ముప్పైరెండేళ్లు రేవులో లెక్కలు రాశాను.
బైలడిల్లా కొండ
వ్యాగన్లలో దిగి, బెల్టు మీద నడిచి,
ఓడ కడుపులోకి ఎర్రగా జారేది.
ఓడ ఎన్ని అడుగులు మునిగిందో చూసి
ఎన్ని వేల టన్నులు ఎక్కిందో రాసేవాణ్ణి.
టన్ను ఎంతకి పోతోందని
ఒక్కనాడూ అడగలేదు.
అడగాలని తోచనే లేదు.

ఇప్పుడు, పింఛను డబ్బుతో, నా మట్టి.

పగలు ట్రాక్టర్లని రానివ్వరు.
రాత్రి పదకొండు దాటాక వచ్చింది,
మలుపులో కానిస్టేబులుకి రెండొందలు చదివించుకుని.
అదీ నా ఖాతాలోనే.
మా సందులో ఆటోయే ఒళ్లు ముడుచుకుని దూరుతుంది.
చర్చి ప్రహరీ పక్కన గుమ్మరించి
సన్యాసిరావు వెళ్లిపోయాడు.
టీవీలో అల్పపీడనం.
టార్పాలిన్ నాలుగొందల యాభై.
నాలుగు మూలలా ఇటుకలు పెట్టి
గోడకానుకుని కూర్చున్నాను,
పురిటిగది బయట మగాడిలా.
సముద్రం నుంచి గాలి తిరిగినప్పుడల్లా
పచ్చిమట్టి వాసన, దాని వెనకే ఎండుచేపల వాసన.

తెల్లారి ఎర్నమ్మ వచ్చింది, ఇద్దరు కోడళ్లతో.
మట్టిని కాలి బొటనవేలితో కదిపి,
మెట్లకేసి తలెత్తి చూసి,
"మేడ మీదికి తట్టకి పది" అంది.
ముప్పైనాలుగు మెట్లు.
నేను మాత్రం ఏం బేరమాడను?

కింది వాటా తవిటమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.
"శ్లాబు దిగబడిపోతే మా గతేటి?"
తట్ట తట్టకీ అదే మాట,
ఇల్లు ఓడలా మునుగుతోందన్నట్టు.

చేపలరేవు థర్మకోల్ పెట్టెల్లోకి,
సగానికి కోసిన నీలం డ్రమ్ముల్లోకి,
అంచు విరిగిన సింకులోకి
సబ్బవరం వంగి వంగి దిగింది.
మెట్ల పైన, తలుపు పక్క గోడ మీద
సుద్దముక్కతో నా గీతలు:
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
అలవాటైన చెయ్యి.
మధ్యాహ్నానికి నలభై ఒక్క కట్టలు, పైన మూడు.
రెండొందల ఎనిమిది.

"రెండొందల పదకొండు" అంది ఎర్నమ్మ,
చెంగు ముడి విప్పి చింతపిక్కలు చూపిస్తూ.
నా లెక్క తప్పని రేవులో ఎవరూ అనలేదు.
జపాను ఓడ కెప్టెన్లు కళ్లు మూసుకుని సంతకం పెట్టేవారు.
ఇద్దరం మళ్లీ లెక్కపెట్టాం,
నేను గోడని, ఆవిడ గింజల్ని.
టీ గ్లాసులు అందిస్తూ, ఎటో చూస్తూ, ఫిలోమినా:
"మూడు తట్టలు కిందే ఆగాయి.
తవిటమ్మ తులసికోటకి.
శ్లాబు మాట ఇంక ఎత్తదులే."

అయిదువేల తొమ్మిదొందల అరవై.
డైరీలో రాసి కింద రెండు గీతలు కొట్టాను.

నాటినవి వంగ, బచ్చలి, రెండు పెట్టెల బొబ్బర్లు.
మూడోవారం మట్టి పగిలి లేచింది మాత్రం
మేం వెయ్యనిది.
గింజని నెత్తినెట్టుకుని, మెడ వంకరగా,
లావుపాటి మొలక.
జీడి.

సన్యాసిరావుకి ఫోను చేశాను.
"అక్కడ తోటుండీది బాబూ.
ఇప్పుడు ప్లాట్లేస్తన్నారు."
మళ్లీ ఇంజను.

డాబా మీద జీడిచెట్టేమిటి,
వేళ్లు తవిటమ్మ నట్టింట్లోకి దిగవూ?
పీకేద్దామని వంగాను.
అప్పటికే దాని రెండాకుల మీద
హార్బరు నల్లగా కూర్చుంది.
ఫిలోమినా తడిగుడ్డతో
ఒక్కో ఆకూ తుడుస్తూ
"ఉండనీ" అంది.
"దాన్నీ మోయించాం కదా.
పది రూపాయలిచ్చాం."