నలభై రెండు మెగాబైట్ల విజిటింగ్ కార్డు

సీడీని పైనా కిందా చెక్కేస్తే
చొక్కా జేబులో పట్టే కార్డయింది.
అయిదు వందలు చేయించాం, రెండు వేల రెండులో.
వెండి రంగు, నడుమ గుడ్డికన్ను లాంటి బెజ్జం,
ముఖాన వాషింగ్టన్ ఎచెవెర్రీ అనే పేరు.
మా ఉరుగ్వేలో తండ్రులు ఇలాంటి పేర్లు పెట్టేసి
ఎందుకు పెట్టారో మరిచిపోతారు.
కింద పాలు పితికే యంత్రాల కంపెనీ, ఫోను నంబరు.

లోపలున్నదంతా నాది.
మాంటెవిడియోలో పళ్ళ డాక్టరు పై అంతస్తున
మూడు నెలలు కూర్చుని కూర్చాను,
కింద డ్రిల్లు మోగినప్పుడల్లా రికార్డింగు ఆపుకుంటూ.
రెండు నిమిషాల వీడియో,
లీటరుకి ఎంత మిగులుతుందో లెక్కగట్టే బొత్తం,
వెనక సన్నగా గిటారు.
ఆవు మాత్రం డెన్మార్క్‌ది. మరీ శుభ్రంగా ఉంటుంది,
పొద్దున్నే ఎవరో తల దువ్వి పంపినట్టు.
అరచేతిలో వైకుంఠం చూపించానని
నాలో నేనే మురిసిపోయాను.

డిసెంబరు ఎండలో అతని వ్యానెక్కి నేనూ బయల్దేరాను
నా కార్డుని జనం ఏం చేస్తారో చూద్దామని.
మొదటి పొలంలో కంప్యూటరు లేదు.
రెండో చోట ఉంది, కూతురిది,
పెళ్ళికూతురిలా లేసు గుడ్డ ముసుగు కప్పుకుని.
ట్రేలో పెట్టగానే కార్డు గరగరమని వణికింది,
బొమ్మ రాకముందే కరెంటు పోయింది.
పెద్దాయన క్షమించమన్నాడు, తప్పు తనదైనట్టు.

మూడోది సాన్ హొసె దాటాక, దోన్యా ఎర్మెలిందా పొలం.
ముప్ఫై ఆవులు, పద్నాలుగు పీచ్ చెట్లు,
పితికి పితికి కణుపులు వాచిన వేళ్ళు.
కార్డుని అటూ ఇటూ తిప్పి,
అందులో తన మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని
"ఇందులో ఏముంది బాబూ?" అంది.

వాషింగ్టన్ టోపీ తీసి పక్కన పెట్టాడు.
ఎడమ చేతి వేళ్ళు నాలుగూ కిందకి వేలాడదీసి
ఇది పొదుగు అన్నాడు.
కుడి గుప్పిలి కింది నుంచి తొడిగి
టక్-ఫుస్, టక్-ఫుస్,
నోటితో యంత్రం నడిపాడు.
నిమిషానికి అరవై.
నేను గడియారం చూస్తూనే ఉన్నాను.
"దూడ చీకేదీ ఇదే తాళం, వేలు పెట్టి చూశాను" అన్నాడు.
నడుమ తనే ఆవయ్యాడు,
ఈగని విదిలించాడు, బకెట్‌ని ఒక్క తన్ను తన్నాడు.
డెన్మార్క్ ఆవు ఎన్నడూ తన్నలేదు.
తన్ని ఉంటే, ఆ ముక్క కత్తిరించేసేదాన్ని.

ఎర్మెలిందా కొంగు లేని గౌను అంచే నోటికి అడ్డం పెట్టుకుంది.
నవ్వడం అయ్యాక ధర అడిగింది.
ధర విన్నాక పెదవి విరిచింది.
వాయిదాల దగ్గర మాట కుదిరేసరికి
మాతే తేనీటి కోసం కెటిల్ మూడుసార్లు పొయ్యెక్కింది.

వచ్చేస్తూ అలవాటుగా కార్డు ఆమె చేతిలోనే ఉంచాడు,
"తీరిక దొరికితే చూడండి."
దేంట్లో చూస్తుందో అడగలేదు.

ఫిబ్రవరిలో యంత్రం బిగించడానికి వెళ్తుంటే
నాకు పనేమీ లేకపోయినా వెళ్ళాను.
రోడ్డు మలుపులోనే పీచ్ కొమ్మల్లో ఏదో తళుక్కుమంది.
నా మూడు నెలలు
గోనె పురికొస కట్టుకుని గాలికి గిరగిరా తిరుగుతున్నాయి.
"చిలకల దండు ఈ వైపు రావడం మానేసింది,
ఇంకో నాలుగివ్వు బాబూ" అంది ఎర్మెలిందా.
పక్క పొలం ఆయన అదేమిటని కంచె దాటి వచ్చాడట.
నడిమి బెజ్జానికి కట్టడంతో నంబరు తలకిందులై
మెడ విరుచుకుని చదువుకున్నాడట.
సోమవారం ఫోన్ చేశాడు.

రెండో విడత అచ్చుకి ఇచ్చినప్పుడు
వీడియో జోలికి పోలేదు, ఆవుని మార్చలేదు.
పై అంచున, డేటాకి తగలకుండా,
సూది పట్టేంత రంధ్రం ఒకటి పొడిపించాను.
ఎందుకని అడిగాడు ప్రెస్సువాడు.
నంబరు నిటారుగా వేలాడాలి అన్నాను.