బారెడు దూరం

కుదిల్యేరో రేవు మీద చినుకు.
గొడుగు పట్టను, నా రెండు చేతులూ కెమెరావే.
నాకంటే పదేళ్లు పెద్దది ఇది.
తనంతట తాను ఏదీ పోల్చుకోదు,
ఎవరు ఎంత దూరంలో ఉన్నారో నా వేలే చెప్పాలి.

కిటికీ నడుమ గోరంత పసుపు గడి.
అందులో ప్రతి మనిషీ ఇద్దరు:
ఒకరు మనిషి, ఒకరు పక్కకి జరిగిన నీడ.
లెన్సు తిప్పుతుంటే
నీడ మెల్లగా వచ్చి మనిషిలో కూర్చుంటుంది.
పెళ్లంటే అచ్చం ఇదే కదా అన్నాడు పాదిరీ ఒకసారి.
తలూపాను, పెద్దాయన.
నిజానికి ఆ గడిలోకి నేను చూసేది తక్కువ.
పొద్దున్నే దూరాన్ని బారెడుకి కట్టేసి
రోజంతా ముందుకీ వెనక్కీ నేనే నడుస్తాను.
గురి కుదరాల్సింది అద్దానికి కాదు, కాళ్లకి.

బారెడంటే,
సెల్సో గైతా తిత్తిలోకి ఊదేముందు
పెదవులు తడుపుకోవడం వినబడేంత.
ఎటెల్వినా అవ్వ బిగుతు చెప్పులు విప్పేసి
బల్ల కింద కాలివేళ్లు ముడిచి తెరవడం కనబడేంత.
అంతకన్నా దగ్గరికెళ్తే జనం నవ్వు తగిలించుకుంటారు.
దూరమైతే నేను చుట్టాన్ని కాను, కాపలావాణ్ణి.

చుట్టూ తెల్లగీతల చట్రం.
గీతల అవతల కూడా లోకం ఉంటుంది ఈ కిటికీలో,
అందుకే దీన్ని వదల్లేను.
ఫొటోలోకి ఇంకా రాని పిల్లాడొకడు
నోట్లో చోరీసో ముక్కతో పరిగెత్తుకొస్తున్నాడు.
వాడు గీత దాటేదాకా ఊపిరి బిగబట్టి
నొక్కుతాను.
గుడ్డ పరదా జరిగిన చప్పుడు, అంతే.

చర్చి వెనక ఒవీదియో,
పెళ్లికూతురి తండ్రి,
చేపల తూకం చీటీ మీద రాసుకున్న నాలుగు ముక్కలు
గోడకి అప్పజెబుతున్నాడు.
రెండో ముక్క దగ్గరే ఆగిపోతున్నాడు.
తీయకూడదేమో అనుకుంటూనే తీశాను.

ఇక ఉంగరాలు.
తెల్మో అరచేయి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
కుడిచేతికి పెట్టాల్సింది ఎడమచేతికి పెట్టబోయాడు,
చర్చంతా గొల్లుమంది.
ఒలాయా తల వెనక్కి వాల్చి నవ్వింది.
అన్నీ కలిశాయి పసుపు గడిలో,
నీడలు మనుషుల్లో కుదురుగా కూర్చున్నాయి.
పదకొండుసార్లు నొక్కాను.

సాయంత్రం ఓ కుర్రాడు
సీసా తలపైకెత్తి, అటు చూడకుండానే,
మోకాలి దగ్గర గ్లాసులోకి సైడర్ ధార వంచుతున్నాడు.
దూరం కాస్త సవరిద్దామని చేయి పెడితే
మూత తగిలింది.
చర్చి గుమ్మంలో, చినుకని పెట్టిన మూత.
ఈ కెమెరాకి కన్ను వేరు, కిటికీ వేరు.
కన్ను మూసుకుపోయినా కిటికీ నోరు విప్పదు.

నెల తర్వాత వాళ్ల వంటింటి బల్ల మీద
కాంటాక్ట్ షీట్ పరిచాను.
నడుమ పదకొండు నల్లటి గళ్లు, ఊడిన పళ్ల వరసలా.
తెల్మో తల్లి ఉంగరాల పద్దు కింద ముప్పై యూరోలు కోసుకుని
మిగతావి ఎంచి ఇచ్చింది.
న్యాయమే.
ఒలాయా ఆ నలుపు మీద వేలు నడుపుతూ
ఇది ఎడమచెయ్యి, ఇది నవ్వు,
ఇది పాదిరీ దగ్గు, అంటూ వరసగా చెప్పింది.
ఒకటి రెండు తప్పు చెప్పింది.
నేను దిద్దలేదు.

ఒవీదియో గోడ దగ్గరి ఫొటోని
బారెడు దూరం పట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఆ చీటీ ఎక్కడ పారేశానో" అన్నాడు.

అప్పట్నించీ ఓ అలవాటు పట్టుకుంది నాకు.
నొక్కేముందు ప్రతిసారీ
లెన్సుని వేలితో తడుముకుంటాను, మూత లేదు కదా అని.
అందుకే ఆ తర్వాతి పెళ్లికూతుళ్లందరి చుట్టూ
ఓ మూలగా, పలచగా
నా వేలి జిడ్డు.
ఇదేమిటని అడిగినవాళ్లకి
రేవు మంచు అని చెబుతుంటాను.