అరిగిన పక్క

టేపు ఆ చివర నేను పట్టుకుంటాలెండి.
రాసుకోండి:
రెండు మూరలా బెత్తెడు. ఇనుము.
ఒక పక్క అరిగింది.

ఇప్పుడిది ధవళేశ్వరం బడిగంటండి.
తొమ్మిదికి నేను సుత్తెత్తి కొడితే
లాకుల అవతల వల బాగుచేసుకునేవాళ్ళు కూడా
తలెత్తి పొద్దు చూసుకుంటారు.

గంట కాకముందు ఇది దారి.
వరద తీసిన కార్తీకంలో
పై అడవుల నించి పడవల్లో దిగిన బొగ్గు
రేవు నించి కొలిముల దాకా
దీని మీదే గట్టెక్కేదిట.
మెత్తటి వండ్రు కదండి, పట్టా కుంగిపోయేది.
తాటిదుంగలు పరిచారు. అవీ కుంగాయి.
మళ్ళీ పరిచారు.

ఇంజనా?
ఇంజను మా ముత్తవ్వండి.
దేరంగుల నాంచారమ్మ.
రాసుకోండి, నా పక్కన సున్నా ఉంటుంది.

తొట్టి వెనక ఆవిడ భుజం.
తొట్టి పక్కన, చేతిలో రాయితో, ఏడేళ్ళ మా తాత.
ఆవిడ కాలు జారిందో
చక్రం కింద రాయి పడాలి.
రాయి పడేలోగా వేలు పడింది ఒకసారి.
ఆ వేలు లేని చేత్తోనే
నాకు పలక మీద ఓనమాలు దిద్దించాడు.

గోదారిలో ఎన్ని మునకలేసినా
గోళ్ళు తెల్లబడేవి కావుట ఆవిడకి.
కూతురి పెళ్ళిచూపుల్లో
రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుందిట,
చలిజ్వరమని చెప్పి.
నడివేసవండి అప్పుడు.

పట్టాలు పీకేశాక ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు.
తూము మీద ఒకటుంది, మీరు దాని మీంచే నడిచొచ్చారు.
మిగతావి తక్కెడలోకి.

అద్దాల పెట్టెలో పెడతామంటున్నారు. మంచిదే.
పక్కన అట్టముక్క మీద
ఏ ఊరి పోతపనో, ఏ దొర వేయించాడో రాస్తారు.
ఆ కొంగు సంగతి
ఏ గడిలో రాస్తారండి?

ఇటు రండి. చెవి పెట్టండి.
ఈ పక్క కొడితే ఊరంతా మోగుతుంది.
అరిగిన పక్క కొడితే,
వింటున్నారా,
ఎత్తు మీద ఎవరో ఆగి
ఊపిరి వదిలినట్టుంటుంది.
ఆ పక్క నేను కొట్టను.
ఇంటిగంటకి మాత్రం, చివరి దెబ్బ ఒక్కటి.

నాలుగవుతోంది. టేపు చుట్టేసుకోండి.
కాస్త గోడవారకి జరగండమ్మా,
పిల్లలు
తోసుకుంటూ వస్తారు.