కుడివైపు తుప్పు

పర్లాకిమిడి పాతసామాన్ల కొట్టులో
కాటా మీద పడుకోబెట్టి తూచారు దాన్ని.
పదిన్నర కిలోలు.
"సైకిలన్నాక ఇరవై తూగాల గదా బావూ,
ఇదేటి, వొట్టి కోడిపిల్ల!"
నష్టపోయినవాడి మొహం పెట్టాడు కొట్టువాడు.
ఇనుము ధరకే ఇచ్చాడు,
క్యారియరుకి మాత్రం ఇరవై రూపాయలు విడిగా.

పగలంతా కరెంటు మీటర్లు చదివే ఉద్యోగం నాది.
రాత్రిళ్ళు దీన్ని చదివాను.
ఇంటిగేట్లకి వేసే ఆకుపచ్చ ఎనామిలు,
దాని కింద నీలం,
ఇంకా కింద, సీటు మెడ దగ్గర గోరంత మేర,
పండిన నేరేడు రంగు.
ఒక గొట్టం మీద సగం రెక్క మిగిలిన పావురం బొమ్మ.
పెడళ్ళ ఇరుసు అడుగున నాలుగు వందల పదిహేడు.
గొట్టం గొట్టాన్ని కలిసే చోట
ఆకురాయితో ఎవరో కోసిన నక్షత్రం,
ఐదు కొనల్లో ఒకటి పొట్టి.
ఆ పొట్టి కొన దగ్గరే
నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఖేత్ర మహారణా ఇరుసుగిన్నె విప్పబోయి
సుత్తి కర్ర విరగ్గొట్టుకున్నాడు.
నలభై ఏళ్ళుగా అతను విప్పిన సైకిళ్ళన్నిటికీ
ఒకవైపు మర కుడికి, రెండోవైపు ఎడమకి.
ఇటలీవాళ్ళకి రెండువైపులా ఒకటే తిరుగుడు.
మూడు రోజులు బిగించినదాన్నే బిగించామని తెలిశాక
కూచుని టీ తాగాం.
అతను ఒడియాలో తిట్టాడు, నేను తెలుగులో.
ఇద్దరికీ అంతా అర్థమైంది.

కొలతలు, ఫోటోలు పెట్టి
పదకొండు ఉత్తరాలు రాశాను ఇటలీకి.
పోస్టాఫీసు గుమాస్తా చిరునామా చూసి
"అమ్మాయా?" అని అడిగాడు.
ఒక్క జవాబే వచ్చింది, వణికిన చేతిరాతతో:
ఆ నక్షత్రం నాకు గుర్తు. ఆయన ఒంటరిగా పనిచేసేవాడు,
పద్దు పుస్తకం పెట్టలేదు.
కొండదారి పందేలకి కట్టినదే ఇది.
ఒక్కటే అంతుపట్టలేదు,
వెనక కుడివైపు గొట్టాలకే ఇంత తుప్పెందుకు?
మీది సముద్రం పక్క ఊరా?

కాదు. మహేంద్రతనయ పక్క ఊరు.
ఆ నీళ్ళలో ఉప్పు లేదు.

ఇక్కడికెలా వచ్చిందంటే
కోటకొచ్చిన దొర వదిలేశాడన్నారొకరు,
ఓడ కళాసీ పేకాటలో పోగొట్టుకున్నాడన్నారొకరు.
రెండూ నమ్మాను. రెండూ రాసుకోలేదు.

క్యారియరు బద్దీ కింద
రాయిలా గట్టిపడ్డ రంపంపొట్టు గీకి
ఖేత్ర వాసన చూశాడు.
"బొరొఫ" అన్నాడు.
ఐసు.

పాతపట్నంలో, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో,
గురువులమ్మ హ్యాండిలు వంక చూడనేలేదు.
వంగి కుడిపక్క తుప్పు తడిమింది.
"మా కూర్మయ్య బండే.
గోనెలో ఐసుబిళ్ళ కుడేపు కట్టీవోడు,
ఎడమేపు నుండి నడిపించుకెళ్తే కాలికి తగలకుండా.
గేటు అవతల సోడాకొట్లకి, పెళ్ళిళ్ళకి,
ఒకోపాలి శవం కాడికి.
ఇంకే సైకిలైనా నీళ్ళే చేరీవి నాయినా."

పందేనికి పుట్టింది కదా,
ముప్పై వేసవులు ఎండతో పెట్టుకుంది,
రోజూ కొంచెం ఓడిపోతూ.

నేరేడు రంగు కొనుక్కొచ్చి ఉంచాను.
డబ్బా మూత ఇంకా తియ్యలేదు.
తుప్పు మీద నూనె మాత్రం రాస్తున్నాను,
పసిబిడ్డ మాడుకి రాసినట్టు.

మొన్న వైశాఖంలో
పక్కూరి నుంచి తెప్పించిన ఐసుముక్క ఒకటి
పాతపట్నంలో నేనూ కట్టాను, కుడివైపే.
చెక్‌పోస్టు దగ్గర లారీల వరస,
బోర్డుల మీద మన గుండ్రాలు పోయి
వాళ్ళ గుండ్రాలు మొదలయ్యే చోటు,
మడమ మీద చుక్క చుక్కగా చలి.
పర్లాకిమిడిలో గోనె విప్పితే
నిమ్మకాయంత మిగిలింది.

గురువులమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది.
"మావోడు విప్పితే గుమ్మడికాయంత ఉండీది.
దారిలో ఆగి విప్పి చూసుకున్నావేటి?"

చూసుకున్నాను.
రెండుసార్లు.