చేవదేరే దాకా

నాలుగేళ్ళకోసారి వస్తాను ఈ పొలానికి,
ఫిబ్రవరిలో, నేల గడ్డకట్టి
యంత్రం బరువు మొయ్యగలిగినప్పుడు.
లౌజిట్స్ ఇసుకనేల ఇది.
గాలికి ఎదురు చెప్పేదేదీ లేక ఒకప్పుడు
పడమటి ఊళ్ళో విత్తనం చల్లితే
తూర్పు ఊళ్ళో మొలిచేదట.
వోర్షా నవ్వకుండా చెబుతుంది ఆ మాట.

ఇప్పుడు గాలికడ్డంగా పాప్లార్ పట్టీలు,
పట్టీకీ పట్టీకీ నడుమ రై చేను.
పాప్లార్ల మధ్యలోనే పదిహేను గజాలకొకటి
అడవి చెర్రీ, నడుముకి నీలం గుడ్డతో.
పాప్లార్ నాది, చెర్రీ ఆమెది.
అంటే, దాన్ని నేను కొయ్యాలి, దీన్ని చూసి తప్పుకోవాలి.
ఇంతే ఒప్పందం. రాతకోతల్లేవు.

దీనికి ముందు ఇరవై రెండేళ్ళు
బొగ్గుగనిలో తవ్వే యంత్రం నడిపాను.
అదీ చెట్టే, కోటిన్నర ఏళ్ళ కింద కూలి నల్లబడింది.
ఒక్కోసారి పంటికి చిక్కేది మొదలంటా,
బెరడుతో సహా, ఇంకా తడిగా.
లోడు పోవాలి గనక ఎవరమూ ఆగలేదు.
మా అమ్మ పుట్టిన ఊరు ఆ గుంతలోనే పోయింది.
ఇప్పుడక్కడ నీళ్ళు. సెలవుల్లో పడవలు తిరుగుతాయి.

పాప్లార్ వంగదు, నిలబడే నలుగుతుంది.
గొట్టంలోంచి ముక్కలు ట్రాలీలోకి ఎగిరి పడతాయి
పులిసిన పిండి వాసనతో.
ఎండాకాలమంతా ఆరి, వచ్చే చలికి బడి బాయిలర్లోకి.
పిల్లలు తడిసిన గ్లోవులు రేడియేటర్ మీద ఆరేస్తారు.
ఇక్కడ మోళ్ళు వాటిపాటికవి ఏప్రిల్లో పిలకలేస్తాయి,
ఒక్క దెబ్బకి ఏడు.

చెర్రీకి ఆ తొందర లేదు.
పక్కనున్నవి ఎండని నొక్కేస్తుంటే వేరే దారిలేక
నిట్టనిలువుగా పోతుంది.
జూన్‌లో వోర్షా నిచ్చెనేసుకుని
పక్కకొమ్మలు తీసేస్తుంది,
బొటనవేలంత లావు కాకముందే.
చేవదేరి కలపయ్యేసరికి అరవై ఏళ్ళు.
నాటిన నాటికి ఆమెకి అరవై మూడు.
ఆ కూడిక మేమిద్దరం పైకి ఎప్పుడూ చెయ్యలేదు.

మూడో కోతప్పుడు పొగమంచు.
నీలం గుడ్డ బూడిదరంగులో కలిసిపోయింది.
కంటికన్నా ముందు చేతికి తెలిసింది:
యంత్రం గొంతు మారింది,
అన్నంలో రాయి తగిలినట్టు.
ఆపి దిగేసరికి
తెల్లటి ముక్కల మీద పిడికెడు ఎరుపు.

తలుపు కొట్టి, టోపీ తీసి చెప్పాను.
ఏమీ అనలేదు. నెమ్మదిగా బూట్లు తొడుక్కుంది.
మోడు దగ్గర మోకాళ్ళూని
గోటితో గీతలు లెక్కపెట్టింది.
"ఇదిగో, ఆ వాన రాని ఏడు. దారమంత కూడా లేదు.
ఇది నువ్వు మొదటిసారి కోసి వెళ్ళిన ఏడు, కీటో.
ఎండ తగిలేసరికి ఎలా బలిసిందో చూడు."
కొట్టేసినవాడి ఖాతాలో
ఆ మేలు కూడా జమకట్టిందా మనిషి.

డబ్బు మాటెత్తాను.
"నలభై ఎనిమిదేళ్ళ తర్వాత దీని ధరెంతో
నీకెలా తెలుసు?" అంది.
నడిమధ్యన చేవ అప్పుడే మొదలై
చొక్కా గుండీ అంత ఉంది.
ఇంటికెళ్ళాక కూడా నా వేళ్ళకి ఆ కొలత గుర్తుంది.

వేరులోంచి నాలుగు పిలకలొచ్చాయి తర్వాతి వసంతంలో.
మూడు తీసేసి ఒకదానికి గుడ్డ కట్టింది,
ఈసారి నారింజరంగు, నా కళ్ళజోడు వైపు చూస్తూ.

ఈ జూన్‌లో నిచ్చెన మీద నేనున్నాను.
కింద వోర్షా. నిచ్చెన పట్టుకున్నాననుకుంటోంది,
నిజానికి నిచ్చెనే ఆమెని పట్టుకుంది.
కొమ్మకి రంపం ఆనించగానే
కర్రతో నా మడమ మీద కొట్టింది.
"అది కాదు, దాని పైది.
అదుండనీ ఈ ఏటికి."