నమూనా పదకొండు, తేజ రకం

గుంటూరు యార్డులో పొద్దు దగ్గుతో మొదలవుద్ది.
నాగూర్ వలి టిక్కీ మూతి విప్పి
ఒక కాయ తీసి, తొడిమ తుంచి వాసన చూసి
చెవి దగ్గర గింజలు గలగలలాడించి
"ఊఁ" అంటాడు.
ఆ ఊఁని ఇంగ్లీషులోకి దించడం
నా ఉద్యోగం.

గుడ్ అని రాస్తే
మూడో తరగతి పలక మీద టిక్కు పెట్టినట్టుంటుంది.
నైస్ అంటే మిరపకాయకి పౌడరు రాసినట్టు.
మొన్న ఫైన్ అని రాసి, పైకి చదివాను.
రైతు కోటిరత్నం మొహం మాడిపోయింది:
"ఫైనెందుకమ్మా? తేమ లేదు, తాలు లేదు,
ఏం తప్పు చేశానని?"
ఎక్సలెంట్ అంటే షావుకారు ఒప్పుకోడు,
రేటు పెరుగుద్దని.
ఓకేలో అసలు కారమే లేదు.

బయట లారీ హారన్ కొడుతోంది.
గడి ఇంకా ఖాళీ.
"వలి బాబాయ్, ఇందాకటి ఊఁ
ఎలాంటి ఊఁ?"

తుమ్మాడు. కండువాతో కళ్ళొత్తుకున్నాడు.
"మా ఇంటి కారానికి
రెండు కిలోలు పక్కన పెట్టమనే ఊఁ, తల్లీ."

చివరికి గుడ్ అనే రాశాను,
షావుకారు చూస్తున్నాడుగా.
కాటా దగ్గరికెళ్ళి మాత్రం
మూడు కిలోలు తూయించాను.
ఒకటి నాది.